చెప్పనిది లేనట్టే

"మళ్ళీ నొక్కు," అంది ఆడపడుచు.

చిన్నకోడలు మళ్ళీ నొక్కింది. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు నటించి, ఇందాక చెప్పిందే మళ్ళీ చెప్పింది. పగటిపూట అత్తగారి దగ్గర ఉండవలసిన మనిషి: చిన్నకోడలు.

బడిలో లెక్కలు చెప్పే తోటికోడలు ఖాళీ కప్పు ఎత్తి, లేని టీని ఒక గుక్క తాగింది. డ్రైవింగ్ స్కూలు నడిపే బావగారు కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అని ఊపిరి వదిలారు. వదిలాక, ఎవరికైనా వినపడిందేమోనని చుట్టూ చూశారు. అందరికీ వినపడింది.

"దానికి పక్షపాతం ఉండదు కదా," అన్నారాయన సర్దుకుని. "అందుకేగా దాని చేతిలో పెట్టాం."

గురువారం పెద్దావిడ ఆస్పత్రి నుంచి వస్తుంది. పక్షవాతం ఆవిడ కుడి చేతినీ, కుడి కాలినీ, సగం మాటనూ పట్టుకుపోయింది. పగలంతా పక్కన ఒక మనిషి ఉండాలన్నారు డాక్టర్లు. ఆ మనిషి ఎవరన్న దాని మీద పోయిన ఆదివారం ఈ బల్ల చుట్టూనే అందరూ గొంతులు చించుకున్నారు. చించుకుని చించుకుని అలిసిపోయాక ఆడపడుచే ఆ సలహా ఇచ్చింది. "నీ చదువంతా ఏదో నియమాలు పెట్టి మిషను చేత తీర్పు చెప్పించడమేగా రూల్సమ్మా? దానికి అత్తలూ ఆడపడుచులూ లేరు. దాన్నే చెప్పమను."

ఇంట్లో అందరూ చిన్నకోడలిని రూల్సమ్మ అనే పిలుస్తారు. వెక్కిరింతకి పుట్టిన పేరు, తర్వాత వాడుకలో అరిగి మామూలైపోయింది. అయితే ఇన్నేళ్ళలో ఆమె చదువుతో ఆ ఇంటికి పని పడటం అదే మొదటిసారి. ఆమె సంబరపడిపోయింది. పైగా పీహెచ్‌డీ గైడు గారు కూడా నిజమైన కుటుంబం సమస్య ఒకటి పట్టుకురమ్మని ఎప్పటినుంచో పోరుతున్నారు. ఆ సంబరమే ఆమె కొంప ముంచింది.

"ఎందుకో అడుగు దాన్ని," అంది తోటికోడలు.

ఆ మిషనులో చిన్నకోడలు గర్వపడే సంగతి అదొక్కటే. తెర కింద 'ఎందుకు?' అని ఒక మీట ఉంటుంది. లోకం మురిసిపోతున్న పెద్ద పెద్ద యంత్రాలు తీర్పు చెప్పేస్తాయి గానీ, కారణం అడిగితే నీళ్ళు నములుతాయి. ఇది అలా కాదు. ఏ సంగతికి ఏ నియమం తగిలిందో, దానివల్ల ఏం తేలిందో వరసగా అప్పజెప్తుంది. పరిశోధనలో మనుషుల పేర్లు వాడకూడదు గనుక ఆమె అందరికీ వరసలే పెట్టింది.

తోటికోడలు తరగతి గది గొంతుతో చదివింది.

"పెద్దకోడలు: పగలు బడి ఉంది. కనుక కుదరదు. పెద్దకొడుకు: నడుం నొప్పి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు మనిషిని లేపకూడదు. కనుక కుదరదు. కూతురు: నర్సు, రాత్రి డ్యూటీ. రాత్రి పనిచేసేవాళ్ళు పగలు నిద్రపోవాలి. కనుక కుదరదు. చిన్నకొడుకు: కళ్ళజోళ్ళ షాపులో ఇంకో మనిషి లేడు. కనుక కుదరదు. బయటి మనిషి: కూతురికి అభ్యంతరం. కనుక కుదరదు. చిన్నకోడలు: అభ్యంతరం ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. చెప్పనిది లేనట్టే. కనుక చిన్నకోడలు."

చదివి తలెత్తింది. "చెప్పనిది లేనట్టే అంటే ఏంటి?"

"అదొక పద్ధతక్కా," అంది చిన్నకోడలు. "రైలు టైముల బోర్డు మీద మధ్యాహ్నం బండి రాసి లేదనుకో. మధ్యాహ్నం బండి లేదనే కదా అనుకుంటాం. లేదు అని ప్రత్యేకంగా రాయరు కదా."

"అయితే నీకు అభ్యంతరం లేదన్నమాట."

"ఉంది."

ఆ మాట ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. బల్ల చివర కూర్చున్న మొగుడు తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ బల్ల మీది ఉప్పుసీసాను చూశాడు.

"మరి చెప్పలేదేం?" అంది ఆడపడుచు.

"అడిగింది నేను వదినా. రాసుకుంది నేను. నన్నెవరు అడుగుతారు? నియమాలు రాసేవాళ్ళు తమ గురించి తాము చెప్పుకోకూడదని నాకు నేర్పారు. అసలు నా పేరే పెట్టకూడదనుకున్నాను. లేకపోతే బాగోదని ఈయనే అన్నారు." లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. "ఏముంది, ఒక్క వాక్యం. ఇప్పుడే చేరుస్తాను."

"ఆగమ్మా," అన్నారు బావగారు, మెల్లగానే. "ఫలితం చూశాక ఏదీ మార్చకూడదని మా అందరి చేతా ఒప్పించింది ఎవరు? నువ్వేగా. నువ్వు ఒకటి చేరిస్తే నాకూ ఇంకో రెండు నొప్పులున్నాయి, రాసుకో."

తోటికోడలికి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"నా థీసిస్ ఈ టర్ములో ఇవ్వకపోతే రిజిస్ట్రేషనే పోతుంది బావగారూ. పొడిగింపులన్నీ అయిపోయాయి. మనుషుల్ని కూర్చోబెట్టి, మిషను చెప్పిన కారణాలు వాళ్ళకి అర్థమవుతున్నాయో లేదో చూడాలి. వాళ్ళు పగలే వస్తారు. లాబ్‌కే వస్తారు."

"కంప్యూటరేగా. ఇంట్లో కూర్చుని చేసుకోకూడదూ?" అంది ఆడపడుచు. వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగింది.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను," బావగారు గొంతు తగ్గించారు. "ఆ వృద్ధుల హోమ్ శుభ్రంగా ఉంది. నర్సులుంటారు, తోట ఉంది..."

"అన్నయ్యా!" ఆడపడుచు అరచెయ్యి బల్ల మీద పడింది. "అమ్మ తన నోటితో పోతానంటే ఆ రోజు చూద్దాం. అంతవరకూ ఆ మాట ఎత్తకు."

"అమ్మ ఎందుకంటుంది?"

"అనదు. అందుకే ఎత్తొద్దంటున్నా."

ఒకరి తర్వాత ఒకరు కుర్చీలు వెనక్కి జరిపారు. ఏదో పెద్ద పని తెమిలినట్టు బావగారు చేతులు దులుపుకున్నారు. గుమ్మం దగ్గర ఆడపడుచు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నీ మీద నమ్మకంతోనే కదా," అంది.

*

"ఒక్క మాట అడగనా?"

మొగుడు మంచం మీద కూర్చుని షాపు నుంచి తెచ్చిన ఒక ఫ్రేముకి చిన్న స్క్రూ బిగిస్తున్నాడు. చేతిలో పని ఉంటే తలెత్తక్కర్లేదు.

"నీ సంగతి రాసుకోవడానికి నీ ఎదురుగా కూర్చున్నాను కదా. షాపు గురించి చెప్పావు. మీ అన్నయ్య నడుం గురించి కూడా నువ్వే గుర్తుచేశావు. నేను పొద్దున పోయి సాయంత్రం వస్తానని నీకు తెలుసు. నా గడువు తెలుసు. నా మాట నువ్వైనా ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"అడిగితేనే చెప్తావా?"

"నీ లెక్కలో ఏది ఎక్కడ రాయాలో నాకేం తెలుసు? నువ్వే చూసుకుంటావులే అనుకున్నా." స్క్రూ జారి దుప్పటి మీద పడింది. దాన్ని వెతుక్కుంటూ అన్నాడు. "అయినా రెండు మూడు నెలలేగా. అమ్మ కాస్త తేరుకుంటుంది."

"తేరుకోకపోతే?"

అతనికి స్క్రూ దొరికింది. వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"అమ్మకి నువ్వంటేనే ఇష్టం," అన్నాడు.

అది నిజమే. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె పుస్తకాలు చదివిన మనిషి పెద్దావిడ ఒక్కతే. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. కంటికి ఏ అక్షరం ఆనినా చదవకుండా వదలదు. కోడలి పరిశోధనా వ్యాసం అర్థం కాకపోయినా మొదటినుంచి చివరిదాకా చదివి, "తప్పుల్లేవు," అని మెచ్చుకుంది. అలాంటి మనిషిని చూసుకోనని చిన్నకోడలు ఎప్పుడూ అనలేదు. తన పని తాను పూర్తిచేసుకోవాలంటుంది, అంతే. ఆ రెండు మాటలకీ తేడా ఉందని ఈ ఇంట్లో ఎవరికి చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే ఉంది.

"నువ్వు ఏడుస్తున్నావా?" అన్నాడు మొగుడు.

"లేదు."

అతను నమ్మాడు. అలా నమ్మడం అతనికి చాలా తేలిక.

*

గైడు గారి గదిలో కిటికీ తెరుచుకోదు. పాత థీసిస్‌ల కట్టలు దానికి అడ్డంగా పేర్చి ఉంటాయి. చిన్నకోడలు వాటికి ఎదురుగా ఉన్న కుర్చీలో ఒదిగి కూర్చుంది.

"అద్భుతమమ్మా!" గైడు గారి మొహం వెలిగిపోతోంది. "పరీక్షకులు ఎప్పుడూ అడిగే మాటేంటి? మీ తీర్పుని నిజం మనుషులు ఒప్పుకున్నారా, అని. ఇదిగో, ఒక కుటుంబం ఒప్పుకుంది! తీర్పు చూశారు, కారణం చదివారు, ఊరుకున్నారు. నేను పొద్దున్నే మన పరీక్షకుడికి మెయిలు పెట్టేశాను. చివరి అధ్యాయం ఇదే."

"మెయిలు పెట్టేశారా?"

"మంచి వార్త ఆపుకోలేను కదా."

"నలుగురు ఒప్పుకున్నారు సార్. ఒప్పుకోని ఐదో మనిషిని నేను."

గైడు గారు కళ్ళజోడు తీశారు. ఆయన చెడ్డవారు కాదు. రెండుసార్లు పొడిగింపు ఇప్పించింది ఆయనే. కష్టపడే విద్యార్థి అని ఆమెను నలుగురిలో మెచ్చుకునేదీ ఆయనే. ఆమె చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నారు.

"నియమం తప్పంటావా?"

"కాదు సార్."

"నియమాలు నడిపే ఇంజను తప్పా?"

"కాదు. సంగతులు తక్కువ పడ్డాయి."

"తీర్పు నచ్చనివాళ్ళందరూ అనే మాట అదే కదమ్మా." చెడుగా అనలేదు, విచారంగా అన్నారు. "మార్చు. నేను వద్దనను. కానీ ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అని పరీక్షకుడు అడుగుతాడు. తీర్పు ఎవరి మీద పడిందో వాళ్ళే, పడిందని తెలిశాక మార్చారని రాయాలి. అది రాశాక ఇంక నీ థీసిస్‌లో మిగిలేది అట్టలే."

"తెలియనిదాన్ని లేదనుకోకుండా, తెలియదు అని చెప్పేలా చేస్తే? ఎవరి సంగతి తెలియదో వాళ్ళని అడిగేలా?"

"మంచి ఆలోచన. చాలా మంచి ఆలోచన." ఆయన నిజంగానే ఉత్సాహపడ్డారు. ఒక కాగితం కూడా లాక్కున్నారు. తర్వాత ఆ కాగితం పక్కన పెట్టేశారు. "అది ఇంకో థీసిస్ అవుతుంది. నీకు టైముందా?"



మిషను తప్పంటే చదువు పోతుంది. ఒప్పంటే కూడా చదువే పోతుంది. తన చేతులతో తాను రాసుకున్న నియమాల మధ్య ఇంత చక్కగా ఇరుక్కున్నవాళ్ళు ఇంకొకరు ఉంటారా అనుకుంది. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. గైడు గారు ఆ నవ్వు చూసి, ఆమె కుదుటపడిందనుకున్నారు.

"ఎలాగో సర్దుకో అమ్మా. ఇంటి బాధ్యతలు అందరికీ ఉండేవే. మా ఆవిడ కూడా పీహెచ్‌డీ మొదలుపెట్టింది తెలుసా," అన్నారు.

ఆ తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

*

గురువారం మధ్యాహ్నానికి ముందుగది ఆస్పత్రి గదిలా తయారైంది. ఆమె చదువుకునే బల్లను గోడ వారకు నెట్టి, ఆ చోట ఇనప మంచం వేశారు. నడుం నొప్పి బావగారే ఆ మంచాన్ని ఒక పక్క పట్టుకుని మెట్లెక్కించారు. నర్సు ఆడపడుచు ఆయన్నీ మంచాన్నీ మార్చి మార్చి చూసింది గానీ ఏమీ అనలేదు. ఏ మందు ఎప్పుడో, మనిషిని ఎటు తిప్పాలో చిన్నకోడలికి చూపించి, డ్యూటీకి ముందు కాస్త కునుకు తీయాలని వెళ్ళిపోయింది.

అన్నదమ్ములిద్దరూ స్నానాలగదిలో గోడకి పట్టుకమ్మీ బిగిస్తున్నారు. డ్రిల్లు మోతకి ఇల్లంతా అదురుతోంది. పెద్దావిడ కళ్ళు మూసుకుని పడుకుంది.

చిన్నకోడలి ఫోనులో లాబ్ స్నేహితురాలి మెసేజి వచ్చింది. ఇవాళ రమ్మన్నవాళ్ళు వచ్చారట. కూర్చుని కూర్చుని వెళ్ళిపోయారట. మళ్ళీ ఎప్పుడు రమ్మంటావని అడిగింది.

ఫోను పక్కన పెట్టి చిన్నకోడలు లాప్‌టాప్ తెరిచింది. థీసిస్ కోసం కాదు, ఎవరికీ చూపించడానికీ కాదు. కోపం వచ్చింది, అంతే. ఎవరూ అడగని ఆ వాక్యాన్ని తానే కొట్టింది. చిన్నకోడలు: పగలు పని ఉంది, అభ్యంతరం ఉంది. మీట నొక్కింది.

అర్హులు: ఎవరూ లేరు.

ఆ మాటలు చూసేసరికి ఆమె ప్రాణం లేచొచ్చింది. తనది కూడా మాటేనని మిషను ఒప్పుకుంది. ఈ వారంలో ఆమె మాటను మాటగా తీసుకున్నది అదొక్కటే. తెర వైపు చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. కాసేపటికి పక్కన ఊపిరి మారినట్టు అనిపించి తల తిప్పింది.

పెద్దావిడ కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చదువుతోంది.

లాప్‌టాప్ మూసేయాలని చిన్నకోడలు చెయ్యి చాపింది. కానీ అంతకుముందే ఎడమ చెయ్యి ఒకటి మెల్లగా, వణుకుతూ లేచింది. వేలు తగిలితే పనిచేసే తెర అది. ఆ వేలు 'ఎందుకు?' మీద ఆగింది.

కారణాలన్నీ వరసగా దిగాయి.

పెద్దకొడుకు: కుదరదు. కూతురు: కుదరదు. చిన్నకొడుకు: కుదరదు. పెద్దావిడ పెదవులు కదుపుతూ ఒక్కొక్క అక్షరమే చదివింది. తొందరపడలేదు. అడ్డుపడే ధైర్యం చిన్నకోడలికి చాలలేదు. అందరికంటే కింద, కొత్తగా చేరిన తన వాక్యం దగ్గరికి ఆ చూపు వస్తుంటే, నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. చూపు వచ్చింది. అక్కడ కాసేపు ఆగింది.

"అత్తయ్యా, అది ఊరికే... మీరనుకున్నట్టు కాదు..."

పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. వినడం ఇష్టం లేక కాదు, తాను చెప్పేది ముందు వినమని.

"నా... మాట... లేదు," అంది. వంకరపోయిన పెదవి మీద ఒక్కో మాటా తడబడుతూ వచ్చింది.

లేదు. నిజమే. చిన్నకోడలు ఇంట్లో అందరి దగ్గరా కూర్చుని అడిగింది. ఆస్పత్రి మంచం పక్కన కూడా ఎన్నోసార్లు కూర్చుంది. ఈ మనిషిని ఒక్కమాటైనా అడగాలని ఆమెకు తట్టలేదు.

"చెప్పండి అత్తయ్యా. రాస్తాను."

"నేను... ఇక్కడ... ఉండను." ఊపిరి తీసుకుంది. "హోమ్‌కి... పోతా. అని... రాయి."

డ్రిల్లు మోగుతోంది. చిన్నకోడలి వేళ్ళు మీటల మీదే ఉండిపోయాయి.

మొదట కలిగింది సంతోషమే. దాచుకోవడానికి లేనంత సంతోషం. ఆడపడుచు అడిగిన మాట ఇదే, అమ్మ తన నోటితో అనాలన్న మాట. ఇది బయటికి చెప్తే చాలు. బావగారు రేపే కారు తెస్తారు. ఎల్లుండి లాబ్ తలుపు ఆమెకోసం తెరుచుకుని ఉంటుంది. ఎవరూ ఆమెను వేలెత్తి చూపలేరు. అన్నది పెద్దావిడే కదా.

ఆ వెంటనే పెద్దావిడ కళ్ళు చూసింది. ఆ మాట ఆవిడ కోరికో, ఇప్పుడే చదివిన కారణాల దెబ్బో ఆమెకు తెలియలేదు. అడగాలి. నిజంగా అంటున్నారా అత్తయ్యా అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. అవునంటే ఈ పాపం జన్మంతా తనను వదలదని ఒక భయం. కాదంటే తన చదువు ఇక్కడితో సరి అని ఇంకో భయం. ఆ మాట అడగలేదు.

డ్రిల్లు ఆగింది.

"ఏంటమ్మా, అమ్మ ఏదో అంటున్నట్టుంది?" స్నానాలగదిలోంచి బావగారు అరిచారు.

ఇల్లంతా నిశ్శబ్దమైంది. మొగుడు గుమ్మంలోకి వచ్చి తొంగి చూశాడు, జుట్టు నిండా సున్నం పొడి. పెద్దావిడ కొడుకుని చూడలేదు. కోడలినే చూస్తోంది. అంత దూరం వినపడే గొంతు తనకు లేదు. ఆ మాట నువ్వే చెప్పు అన్నట్టు చూస్తోంది.

చిన్నకోడలు లాప్‌టాప్ మూసేసింది.

"ఏం లేదు బావగారూ," అంది. గొంతు మామూలుగానే వచ్చింది, అది ఆమెకే ఆశ్చర్యం. "మంచినీళ్ళు అడిగారు."

మొగుడు తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. డ్రిల్లు మళ్ళీ మొదలైంది.

అడగని నీళ్ళు తేవడానికి ఆమె లేవబోయింది. పెద్దావిడ ఎడమ చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో ఇంత బలం మిగిలి ఉందని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

"అబద్ధం... ఎందుకు... చెప్పావు?" అంది పెద్దావిడ.